మనస్తత్వ శాస్త్రం మూడేళ్లు చదివితే ఏం వస్తుంది?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల మీదా, మెడికల్ బిల్లుల మీదా ఇంత వేడిగా చర్చ జరిగాక నన్ను మాట్లాడమనడం, భోజనాల ముందు ఆఖరి పీరియడు ఇవ్వడం వంటిది. ముప్పై ఒక్క ఏళ్లు నాకు ఎక్కువగా ఆ పీరియడే వేశారు కనుక అలవాటే. ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను.

నేను 1981లో డిగ్రీ కాలేజీలో సైకాలజీ లెక్చరరుగా చేరి 2012లో రిటైరయ్యాను. ఆ సంగతి తెలిసిన మరుక్షణం ఎదుటివారు రెండు పనుల్లో ఒకటి చేస్తారు. "అయితే నా మనసులో ఏముందో చెప్పండి" అని అడుగుతారు. లేదా చూపు తిప్పుకుంటారు. పెన్షన్ పేపర్లు పట్టుకుని వెళ్లినప్పుడు ఒక గుమాస్తా గారు నన్ను హిప్నాటిజం వచ్చా అని అడిగాడు. వస్తే మీ దగ్గర ఇన్నిసార్లు తిరుగుతానా నాయనా అన్నాను.

కార్యదర్శి గారు ఈ విషయం ఎందుకు ఎంచుకున్నారంటే, వారి మనవరాలు బి.ఏ.లో సైకాలజీ తీసుకుంటానంటోంది. ఇంట్లో ఒక పెద్ద సభే జరిగిందట. మీలో కొందరి ఇళ్లలోనూ ఆ మాట నడుస్తూ ఉండవచ్చు. కనుక అసలు ఆ మూడేళ్లలో పిల్లలకు ఏం చెబుతారో, వాళ్లకు ఏం వస్తుందో నా అనుభవంలో ఉన్నంత వరకు మనవి చేస్తాను.

మనలో టీచర్లుగా పనిచేసిన వారు బి.ఇడి.లో పావ్‌లోవ్ గారి కుక్కను చూసే ఉంటారు. మిగతావారికి అది కూడా పరిచయం ఉండకపోవచ్చు. మొదటి ఏడాది సంవేదన, ప్రత్యక్షం, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, ఉద్వేగం, ప్రజ్ఞ, మూర్తిమత్వం. తరువాత శిశువు మొదలు వృద్ధుడి వరకు వికాసం. ఆ పైన సాంఘిక మనోవిజ్ఞానం, అపసామాన్య మనోవిజ్ఞానం. వీటితోపాటు కొంచెం గణాంక శాస్త్రం. లెక్కలు తప్పించుకుందామని సైకాలజీలో చేరిన పిల్లలకు అక్కడ మొదటి దెబ్బ తగులుతుంది. మీన్, మీడియన్ దాటి కోరిలేషన్ దగ్గరికి వచ్చేసరికి బెంచీలు పలచబడేవి.

రెండో దెబ్బ ప్రయోగశాల. సైకాలజీకి ల్యాబేమిటని నవ్వేవారు. మా కాలేజీలో అది కెమిస్ట్రీ స్టోరు పక్కన ఒక పొడుగాటి గది. పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెడతాం. ఒకరు ప్రయోక్త, ఒకరు ప్రయోజ్యుడు. ఈవేళ నువ్వు నన్ను పరీక్షిస్తే, వచ్చేవారం నేను నిన్ను పరీక్షిస్తాను. ప్రతి ప్రయోగానికీ రికార్డు రాయాలి. ప్రయోజ్యుడు ప్రయోగమప్పుడు తనకేమనిపించిందో కూడా రాసి ఇవ్వాలి. "మొదట తేలికే అనుకున్నాను, తరువాత చిరాకు వేసింది" అన్న వాక్యం నేను వేలసార్లు చదివి ఎర్ర సిరాతో సంతకం పెట్టాను.

మ్యూలర్ లాయర్ భ్రమ అని ఒకటుంది. 1889 నాటిది. సమానమైన రెండు గీతలు. ఒక దాని చివర బాణం రెక్కలు లోపలికి, రెండో దానికి బయటికి. రెండోది పొడుగ్గా కనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిచి, సమానమేనని రాసుకుని, మళ్లీ చూడండి. మళ్లీ పొడుగ్గానే కనిపిస్తుంది. ఏటా ఎవరో ఒకరు "తెలిశాక కూడా కన్ను ఎందుకు మారదు సార్?" అని అడిగేవారు. ఆ ప్రశ్న అడిగిన వాడికి సైకాలజీ పట్టుబడుతోందని నేను లెక్క వేసుకునేవాణ్ణి.

అన్నిటికంటె పిల్లలకు ఇష్టమైనది అద్దంలో చూసి గీయడం. రెండు గీతల మధ్య సన్నని దారి ఉన్న నక్షత్రం బొమ్మ బల్ల మీద ఉంటుంది. చెయ్యి సూటిగా కనపడకుండా అట్ట అడ్డం పెడతాం. ఎదురుగా ఉన్న అద్దంలో మాత్రమే చూస్తూ పెన్సిలుతో ఆ దారి వెంట వెళ్లాలి. మొదటిసారి చెయ్యి మొరాయిస్తుంది. పైకి పొమ్మంటే కిందికి పోతుంది. ముందు ఎడమ చేత్తో ఒకసారి చేయించి, తరువాత కుడి చేత్తో పది సార్లు చేయించి, మళ్లీ ఎడమ చేత్తో చేయిస్తే, ఈ మధ్యలో ఏ సాధనా చేయని ఎడమ చెయ్యి కూడా ఎంతో మెరుగవుతుంది. కుడి చెయ్యి నేర్చుకున్నది ఎడమ చేతికి ఎలా తెలిసింది? రికార్డులో "ద్విపార్శ్వ బదలాయింపు" అని రాయిస్తాం. పేరు పెడితే విషయం అర్థమైపోయినట్టు కాదనుకోండి.

ఈ అద్దం ప్రయోగానికే పాఠాల్లో ఇంకో కథ ఉంది. అమెరికాలో ఒక యువకుడికి మూర్ఛ తగ్గించడానికి 1953లో మెదడుకు రెండు వైపులా కొంత భాగం తీసేశారు. మూర్ఛ చాలావరకు తగ్గింది కాని కొత్త జ్ఞాపకం ఏర్పడటం ఆగిపోయింది. పొద్దున చూసిన మనిషి మధ్యాహ్నానికి కొత్తవాడే. 2008లో ఆయన పోయేదాకా పుస్తకాల్లో హెచ్.ఎం. అన్న పొడి అక్షరాలే ఉండేవి, తరువాతే హెన్రీ మొలైసన్ అన్న పేరు బయటికి చెప్పారు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత మూడు రోజులు ఈ నక్షత్రం గీయించింది. మూడో రోజుకు చక్కగా గీశాడు. కాని ఇది ముందెప్పుడైనా చేశావా అంటే లేదన్నాడు. చేతికి గుర్తుంది, మనిషికి గుర్తు లేదు. అంటే జ్ఞాపకం అన్నది ఒకే పెట్టె కాదు, వేరు వేరు అరలు ఉన్నాయన్నమాట. ఈ పాఠం చెప్పే రోజు వెనక బెంచీ కూడా నిశ్శబ్దంగా ఉండేది.

ఇక మరుపు గురించి. మన వయసు వారికి కావలసిన విషయం కనుక కాస్త నిలుస్తాను. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన 1885లో ఒక పుస్తకం వేశాడు. ప్రయోక్తా ఆయనే, ప్రయోజ్యుడూ ఆయనే. అర్థం లేని అక్షరాల వరసలు కంఠతా పట్టి, కొంతసేపయ్యాక మళ్లీ నేర్చుకుంటే ఎంత శ్రమ ఆదా అవుతుందో లెక్క కట్టాడు. ఇరవై నిమిషాల తరువాత 58 శాతం, గంట తరువాత 44, ఒక రోజుకు 34, నెలకు 21. మొదట నిట్టనిలువుగా జారి, తరువాత నెమ్మదిస్తుంది. అప్పుడాయన వయసు ముప్పై దాటి ఎంతో కాలేదు. కనుక కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడానికి పెన్షనరు కానక్కరలేదు.

వయసుతో తెలివి తగ్గుతుందని అందరూ అంటారు. ఒకప్పుడు పాఠ్యపుస్తకాలూ అన్నాయి. ఇరవై ఏళ్ల వారిని, అరవై ఏళ్ల వారిని ఒకేసారి పరీక్షించి పోల్చేవారు. ఆ అరవై ఏళ్ల వారికి చిన్నప్పుడు అంత బడి చదువు లేదన్న సంగతి మరిచారు. అమెరికాలోని సియాటిల్‌లో షై అనే ఆయన 1956లో మొదలుపెట్టి, అదే మనుషుల్ని ఏడేళ్లకోసారి పరీక్షిస్తూ పోతే, అరవై దాటేవరకు చాలామందిలో చెప్పుకోదగ్గ తరుగుదల కనపడలేదు. వేగం ముందు తగ్గుతుంది. పదసంపద చాలాకాలం నిలుస్తుంది. అందుకే మన ఆవిడలతో వాదనలో ఓడిపోవడం వయసు వల్ల కాదని గ్రహించాలి. అయితే తెలిసిన దారిలోనే ఇల్లు కనుక్కోలేకపోవడం, తాళంచెవి ఎక్కడుందో కాక అది దేనికో తెలియకపోవడం వంటివి ఉంటే ముసలితనం అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.

అపసామాన్య మనోవిజ్ఞానం పేపరు మొదలైతే మాకు వేరే సరదా. ఏ వారం ఏ రోగం చెబితే ఆ వారం క్లాసులో సగం మందికి ఆ రోగం ఉన్నట్టే అనిపిస్తుంది. ఒక కుర్రాడు సంవత్సరం ఆఖరుకు వచ్చి "సార్, ప్రసవానంతరం వచ్చే డిప్రెషన్ తప్ప మిగతావన్నీ నాకున్నాయి" అన్నాడు. ఇంకో అమ్మాయి మాత్రం ఆ పాఠం రోజున ఏమీ మాట్లాడక, సాయంత్రం స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడి, మా అమ్మ రాత్రంతా గిన్నెలు కడుగుతూనే ఉంటుంది సార్, అది చేతబడి కాదన్నమాట అంది. వాళ్లమ్మను పెద్దాసుపత్రికి తీసుకువెళ్లారు. మందులతో చాలావరకు నయమయింది. నా సర్వీసులో ఆ ఒక్క పాఠం జీతానికి సరిపడా చెప్పానని అనుకుంటాను.

ఇక్కడ కార్యదర్శి గారి ఇంటి సభకు ఒక మాట. బి.ఏ. చదివినంత మాత్రాన మానసిక చికిత్స చేసే అర్హత రాదు. ఆ పైన ఇంకా కొన్నేళ్ల చదువు, ఆసుపత్రిలో శిక్షణ, రిజిస్ట్రేషను కావాలి. అమ్మాయికి ఆ సంగతి ముందే చెప్పండి. తెలిసీ చదువుతానంటే చదవనివ్వండి.

ఇప్పుడు నా సొంత విషయం ఒకటి చెబుతాను. ఇది సభలో చెప్పవచ్చునా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఆవిడ చెప్పమంది.

స్మృతి పాఠంలో 1974 నాటి ఒక ప్రయోగం చెప్పేవాణ్ణి. ఎలిజబెత్ లాఫ్టస్ అనే ఆవిడా, పామర్ అనే ఆయనా చేసింది. విద్యార్థులకు కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి, కార్లు ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. కొందరిని "తాకినప్పుడు" అనీ, కొందరిని "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అనీ ప్రశ్నలో మాట మార్చి అడిగారు. మెత్తని మాట విన్నవారు సుమారు 32 మైళ్లు అన్నారు, గట్టి మాట విన్నవారు 41 అన్నారు. ఇంకో బృందాన్ని వారం తరువాత పిలిచి, పగిలిన అద్దం పెంకులు చూశారా అని అడిగితే, ఆ గట్టి మాట విన్న యాభై మందిలో పదహారు మంది చూశామన్నారు. అసలు ఫిల్ములో పెంకులు లేవు. వాళ్లెవరూ అబద్ధం ఆడటం లేదు. వాళ్లకు పెంకులు కనిపించాయి. జ్ఞాపకం అంటే ఫోటో కాదు, ప్రతిసారీ కొత్తగా కట్టుకునే పందిరి అని బోర్డు మీద రాసేవాణ్ణి. పరీక్షలో ఇది ఐదు మార్కుల ప్రశ్న.

మాకు కోనసీమలో ముప్పావు ఎకరం కొబ్బరితోట ఉంది. 1996లో మా నాన్నగారు మంచాన పడి, మూడు వారాలకు పోయారు. శ్రీరామనవమి సాయంత్రం ఆయన వసారాలో నవారు మంచం మీద పడుకుని, "పెద్దాడా, ఇల్లు చిన్నాడికి, తోట నువ్వుంచుకో" అన్నారు. నేను పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాను. కరెంటు లేదు. కోవెల దగ్గర బ్యాటరీ మైకులో కల్యాణం వినబడుతోంది. పానకం గ్లాసు కిటికీలో ఉంది. అన్నీ నాకు కళ్లకు కట్టినట్టున్నాయి.

మా తమ్ముడు వేరే చెప్పాడు. నాన్న తోట ఇద్దరూ చెరిసగం తీసుకోమన్నాడనీ, నవమి నాడు నువ్వసలు ఊళ్లోనే లేవు అన్నయ్యా అనీ అన్నాడు. నేను లేనా? పక్కన కూర్చున్న మనిషిని లేవంటాడేమిటి! ఆస్తి కోసం తమ్ముడు ఇంత అబద్ధం ఆడతాడని నేననుకోలేదు. కోర్టుకు వెళ్లలేదు గాని మాటలు పోయాయి. ఒకటి రెండేళ్లు కాదు, పదహారేళ్లు. మా అమ్మ మధ్యలో నలిగిపోయి 2003లో పోయింది. ఆ నాలుగు రోజులూ ఒకే పందిరి కింద ఉండి కూడా మేమిద్దరం మాట్లాడుకోలేదు. 2004లో తమ్ముడి కూతురు పెళ్లయింది. శుభలేఖ వచ్చింది. నేను వెళ్లలేదు. ఆ వారంలోనే లాఫ్టస్ ప్రయోగం చెప్పానో లేదో నాకు తెలియదు గాని, ఆ సంవత్సరం మాత్రం తప్పకుండా చెప్పే ఉంటాను. ఏటా చెప్పాను కదా.

2012లో పెన్షన్ ప్రపోజల్స్ పంపేటప్పుడు ఎస్.ఆర్.లో ఒక ఇంక్రిమెంటు ఎంట్రీ కనపడలేదు. పాత కాగితాల కోసం ట్రంకుపెట్టె దింపాను. అందులో 1996 ప్రాక్టికల్ పరీక్షలకు నేను ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా వెళ్లిన టి.ఏ. బిల్లు నకలు దొరికింది. మా ఊరికి తొమ్మిది గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊరు. నవమికి ముందు రోజు పరీక్ష, మర్నాడు పరీక్ష. నడుమ సెలవు రోజుకు హాల్టు డి.ఏ. రాసి ఉంది. లాడ్జి రసీదు కూడా పిన్నుతో గుచ్చి ఉంది. అక్షరాలు నావే. సంతకం నాదే. కింద ఆ కాలేజీ వారి హాజరు సర్టిఫికెట్టు.

మిత్రులారా, బిల్లు దొంగది కావచ్చునా అని కూడా ఆలోచించాను. మన సర్వీసుల్లో అటువంటివి చూడనివాళ్లం కాము కదా. కాని నేను అటువంటిది రాయలేదు. పెట్టె పక్కన నేల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. మైకులో కల్యాణం విన్నాను, నిజమే. బహుశా ఆ లాడ్జి కిటికీలోంచి విని ఉంటాను. నవమి నాడు మైకు లేని ఊరేది? నాన్నగారి మాట అమ్మ నోటి నుంచి విన్నానో, అంతకు ముందు ఎప్పుడో ఆయనే నాతో అన్నారో, ఇప్పుడు తేల్చగలిగేవారు లేరు. విచిత్రమేమిటంటే, బిల్లు చూశాక కూడా ఆ వసారా, విసనకర్ర, పానకం గ్లాసు నాకు అలాగే కనిపిస్తున్నాయి. ఈ క్షణంలో కూడా. స్కేలు పెట్టి కొలిచాక కూడా ఆ గీత పొడుగ్గానే ఉంది.

మర్నాడు బస్సెక్కి తమ్ముడి ఇంటికి వెళ్లాను. మరదలు తలుపు తీసి, ఒక్క క్షణం ఆగి, "రండి బావగారూ" అంది. తమ్ముడికి బిల్లు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. వాడు ట్రెజరీలో చేసినవాడు. చదివి, "ఈ బిల్లు పాసయిందా అన్నయ్యా?" అన్నాడు. పాసయింది, పదకొండు నెలలకు అన్నాను. ఆ తరువాత ఇద్దరం ఏం మాట్లాడామో ఇక్కడ చెప్పలేను. ఒక్క మాట మాత్రం చెబుతాను. వాడే అన్నాడు: "నువ్వు లేవన్నది ఖాయం గాని, నాన్న చెరిసగం అన్నాడో, అమ్మ అందో, ఈ బిల్లులో అది లేదు కదా." నిజమే. అందుకని తోట చెరిసగం చేసుకున్నది నాన్నగారి మాట ప్రకారం కాదు. మేమిద్దరం ఒప్పుకున్న ప్రకారం.

వాడి కూతురు ఇప్పుడు వైజాగులో ఉంది. వెళితే మర్యాదగా కాఫీ ఇస్తుంది. పెదనాన్నగారూ అంటుంది. మా పిల్లల్ని పిలిచినంత చనువుగా నన్ను పిలవదు. ఆ పిల్లకు ఏ బిల్లు చూపించను?

మరి నేను చెప్పిన పాఠాలన్నీ నిలిచాయా అంటే, అదీ లేదు. 1964లో న్యూయార్కులో ఒక యువతిని పొడిచి చంపుతుంటే 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారని, ఎవరూ పోలీసులను పిలవలేదని సాంఘిక మనోవిజ్ఞానంలో ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. ఆ వార్త వేసిన పత్రికే 2016లో ఆ కథనం తప్పులతడకని ఒప్పుకుంది. పూర్తిగా చూసినవారు కొద్దిమందే. పోలీసులకు కబురు చేశామన్నవారూ ఉన్నారు. ఒక పొరుగావిడ చివరలో వెళ్లి ఆ అమ్మాయిని ఒళ్లో పెట్టుకుంది. అలాగే 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగంలో కాపలాదారులు తమంతట తామే క్రూరులయ్యారని చెప్పాను. కఠినంగా ఉండమని వాళ్లకు నూరిపోశారని 2018లో పాత టేపులు బయటికి తెచ్చాయి. 2015లో అనేకమంది శాస్త్రవేత్తలు కలిసి వంద పాత ప్రయోగాలను మళ్లీ చేస్తే, మూడో వంతు పైచిలుకే మొదటి ఫలితాన్ని ఇచ్చాయి. అద్దంలో బొమ్మ గీయడం, ఎబ్బింగ్‌హౌస్ మరుపు రేఖ వంటివి మాత్రం ఎవరు ఎన్నిసార్లు చేసినా అలాగే వస్తున్నాయి.

నా పాత విద్యార్థులు కనిపిస్తే ఇవన్నీ చెబుతూ ఉంటాను. మొన్న ఒక అబ్బాయి, అబ్బాయేమిటి, వాడికీ రిటైర్మెంటు దగ్గర పడింది, రైతుబజారులో కలిశాడు. ఏం గుర్తుందిరా సైకాలజీలో అంటే, నక్షత్రం గుర్తుంది సార్, ఇంకేమీ లేదన్నాడు. తరువాత వంకాయలు ఏరుతూ ఆగి, "ఎవరైనా ఒట్టు పెట్టి చెప్పినప్పుడు మాత్రం, వీడు అబద్ధమాడటం లేదు గాని నిజమో కాదో అనుకుంటాను సార్, అది మీ క్లాసులోదే" అన్నాడు. పోలీసు శాఖలో చేస్తున్నాడు లెండి.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. వంటవారు కూడా విస్తళ్లు వేస్తున్న చప్పుడు వినబడుతోంది. నా సొంత అద్దం, బల్ల, నక్షత్రం కాగితాలు ఓ యాభై తెచ్చి ద్వారం పక్కన టేబులు మీద పెట్టాను. స్టాప్‌వాచీ కూడా ఉంది. భోజనాలయ్యాక సరదా ఉన్నవారు రండి, పిల్లల్ని కూడా తీసుకురండి. మనిషికి రెండు నిమిషాలు. ముందు ఎడమ చేత్తో మొదలుపెట్టాలి, అది మరిచిపోకండి.